చివరి చెయ్యి

డబ్బాలో చెయ్యి పెట్టగానే సత్యమ్మ వేళ్లకు అడుగు తగిలింది. చుట్టూ తడిమింది. మూడంటే మూడే చింతగింజలు దొరికాయి. వరికి ఐదు కావాలి.

"అయిపోయినయా?" అంటూ మాసయ్య ముందుకు వంగి డబ్బా లాక్కున్నాడు. దాన్ని బోర్లించి అందరికీ చూపించాడు. "జూసిండ్రా? ఆమె చెయ్యి వెట్టింది, ఊర్ల నీళ్లు అయిపోయినయ్!"

బడి వరండాలో కూర్చున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆటే కదా అని సత్యమ్మ కూడా నవ్వబోయింది. కానీ వరస మొదట్లో కూర్చున్న ఈరన్న నవ్వలేదు. ఆమెనే చూస్తున్నాడు. నవ్వు ఆమె మొహం మీదే ఎండిపోయింది.

ఆట తెచ్చింది స్వరూప. వనపర్తిలోని ఏదో సంస్థలో పనిచేసే పిల్ల. నీళ్ల గురించి ఉపన్యాసాలు చెబితే పెద్దమందడి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కునికిపాట్లు పడుతున్నారని ఆటగా ఆడిస్తోంది. డబ్బా అంటే భూమి. చింతగింజలు భూమిలోని నీళ్లు. అయిదుగురు రైతులు వరసగా కూర్చుని, పంట బొమ్మ ఒకటి ఎంచుకుని, దానికి తగిన గింజలు తీసుకోవాలి. వరికి ఐదు, ఊళ్లో బుడ్డలనే వేరుశనగకు రెండు, జొన్నకు ఒకటి. అందరి వంతూ అయితే ఒక ఏడు గడిచినట్టు. అప్పుడు వాన పడిందంటూ స్వరూప దోసెడు గింజలు డబ్బాలో పోస్తుంది. అంతే ఆట.

నలుగురు బోర్లున్న రైతులు ముందుకొచ్చారు. అయిదో మనిషి కోసం చూసి, జంపఖానా అంచుకు ఆవల నేల మీద కూర్చున్న సత్యమ్మను స్వరూప చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "అక్కా, నీకు బోరు పడిందనుకో. ఏం ఏస్తవ్?" అంది. పంటల బొమ్మలు ఆమె ముందు పరిచింది. వరి బొమ్మలో వెన్నులు పచ్చగా, బరువుగా వంగి ఉన్నాయి. సత్యమ్మ వేలు దాని మీదికే పోయింది. మూడేళ్ల ఆటలోనూ అక్కడికే పోయింది.

"మాసయ్య మామా, నువ్వు గూడ మూడేండ్లు వరే ఏసినవ్ గదా," అంది స్వరూప. "నలుగురు ఏసిండ్రు. అందరు తీస్తేనే డబ్బా ఒడిసింది. ఆమెది ఆఖరి చెయ్యి, గంతే."

"మేం ముందు సంది ఏస్తున్నం," అన్నాడు మాసయ్య. అంతకు మించిన న్యాయం లోకంలో లేనట్టు మీసం తుడుచుకున్నాడు. "ఆటలనే గిట్ల జేసిండ్రు. రేపు నిజంగ బోరు వడితే ఏం జేస్తరు? మన బోర్లన్ని ఎండవెడ్తరు. నేనైతే ఒప్ప."

నవ్వులు ఆగిపోయాయి. సర్కారు ఎప్పుడో ఇచ్చిన మెట్టభూముల్లో సత్యమ్మ వాడలోని ఎనిమిది ఇళ్లకు కలిపి ఒక బోరు మంజూరైందని నెల కిందటే తెలిసింది. ఈరన్న చేనికి సరిగ్గా దిగువన వేస్తారు. ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే బోరు బండి వస్తుంది. ఎవరు అడ్డం పడతారా అని వాడంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. అడ్డం పడేవాళ్లకు దారి తనే చూపించానని సత్యమ్మకు అప్పుడు తట్టింది.

ఊళ్లో ఈరన్న మాటే మాట. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"శనివారం మల్ల ఆడిపిస్తనంటివి గద పిల్లా. ఆ దినమే తేల్చుకుందం. బోరు సంగతి గూడ," అన్నాడు.

సత్యమ్మ పిడికిట్లో మూడు గింజలు అలాగే ఉండిపోయాయి. స్వరూప చెయ్యి చాపే దాకా ఆమెకు ఆ సంగతే తెలియలేదు.

వాడకు ఆమెకన్నా ముందే కబురు చేరింది. పుష్పమ్మ గడపలో కూర్చుని చేటలో నూకలు చెరుగుతోంది. సత్యమ్మను చూసి చేట కింద పెట్టేసింది. "ఏందక్కా, ఆటల గూడ జొన్న ఏయ చాతగాలేదా నీకు? ఎనిమిదిండ్ల నోట్ల మన్ను వోస్తివి గద," అంది. సత్యమ్మ తల వంచుకుని నడిచింది. చర్చి ముందు క్రిస్మస్ పండక్కి కట్టిన కాగితపు చుక్క ఇంకా వేలాడుతోంది. మంచుకు తడిసి ఒక కొమ్ము ఊడింది.

ఇంటి ముందు భర్త సామ్యూల్ నీలం పట్టా పరిచి చిరుగులు వెతుకుతున్నాడు. దొరికిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తున్నాడు. ఏటా ఈ రోజుల్లో చేసే పనే. నాట్లు అయిపోగానే మేస్త్రి లారీ వస్తుంది. పూణె పక్కన కాలువ పనికో, ఇంకెక్కడికో తోలుకుపోతుంది. అక్కడ ఈ పట్టాయే ఇల్లు. బోరు మంజూరైందని విన్న రోజున దీన్ని మడిచి అటక మీద పడేశాడు. ఇప్పుడు మళ్లీ దించాడంటే కబురు అతనికీ అందిందన్నమాట.

"ఎందుకు దీసినవే వరి?" అన్నాడు తలెత్తకుండా.

"బొమ్మ మంచిగుండె."

"బొమ్మ మంచిగుండెనట!"

"అందరు గదే దీస్తుండ్రి. నా దాకా వచ్చేసరికి డబ్బా ఎల్తిగ కనవడ్తుండె. మల్ల దొర్కదేమో అని బుగులైంది," అంది. పట్టా అంచు సరిచేస్తూ, "ఆటల గూడ జొన్ననే తినాల్నా?" అంది.

సామ్యూల్ ఇంకో చిరుగుకు జిగురు పూశాడు. ట్యూబు ముక్క మీద బొటనవేలితో గట్టిగా అదిమాడు.

లోపల కూతురు ఎస్తేరు గోడకు ఆనుకుని పాఠం పైకి చదువుకుంటోంది. పోయినేడు సగం చదువు మానిపించి వెంట తీసుకుపోయారు. అప్పుడింకా పిల్ల. ఈ ఏడు పెద్దమనిషయింది. పట్టా గుడిసెకు తలుపుండదు. తామిద్దరూ తట్టలు మోయడానికి పోతే ఆ పిల్ల ఒక్కతీ అందులో ఉండాలి. పోయినేడు పక్క గుడిసెలో ఏం జరిగిందో, ఆ పిల్ల తల్లి ఎట్లా ఏడ్చిందో సత్యమ్మ ఇంతవరకు భర్తకు కూడా చెప్పలేదు. ఆ ఏడుపు ఇప్పుడు చెవిలో వినిపిస్తోంది.

మర్నాడు ఈరన్న నారుమడికి కూలికి పోవాలి. పోకపోతే బాగుండునని ఆమెకు ఉంది. పోకపోతే ఏమనుకుంటాడోనన్న భయం అంతకన్నా ఎక్కువగా ఉంది. కొడవలి లేని పని కనుక వట్టి చేతులతో బయల్దేరింది.

నారు పీకాలంటే మడిలో చీలమండ దాకా నీళ్లుండాలి. పిడికెడు పట్టి ఒడుపుగా లాగితే వేర్లతో సహా జారి రావాలి. అక్కడే ఆ నీళ్లలో జాడించి, మట్టి వదిలించి, కట్ట కట్టాలి. సత్యమ్మ వంగి మొదటి పిడికెడు లాగింది. పుటుక్కుమంది. చేతిలోకి ఆకు వచ్చింది, వేరు బురదలోనే ఉండిపోయింది. మడిలో నీళ్లు లేవు. మట్టి కలిపిపెట్టిన పిండిలా బిగుసుకుంటోంది.

"ఏళ్లు తెంపుతున్నరేందే! పానం లేదా చేతులల్ల?" అని గట్టు మీది నుంచి ఈరన్న భార్య బాలనాగమ్మ అరిచింది.

"తడి లేదమ్మా. జర నీళ్లు ఇడిస్తే మంచిగొస్తది," అంది అలివేలమ్మ అనే ముసలి కూలి.

బాలనాగమ్మ బోరు వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టడానికి ఎన్నడూ వెనకాడని మనిషి ఒక్క మాటకే ఊరుకోవడం సత్యమ్మకు వింతగా తోచింది.

పొద్దెక్కాక దాహం వేసి సత్యమ్మ బోరు వైపు నడిచింది. కంది చెట్లు దాటగానే ఆగిపోయింది. ఈరన్న స్టార్టరు డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పైపు మూతికి తడి గోనెసంచి చుట్టి ఉంది. సంచి లోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఆ వెనక ఎర్రటి నీళ్లు రెండు గుక్కలు కక్కి, మళ్లీ గాలి. అతను మోటారు ఆపాడు. కాసేపు చూసి మళ్లీ వేశాడు. మళ్లీ గాలే. గోనెసంచి ఎందుకు చుట్టాడో ఆమెకు అర్థమైంది. ఆ చప్పుడు బాట మీద పోయేవాళ్లకు వినపడకూడదు.

వెనక్కి తిరగబోతుంటే కాలి కింద కందికట్టె విరిగింది. ఈరన్న గిరుక్కున తిరిగాడు.

"ఏం జూస్తున్నవ్?"

"నీళ్లకొచ్చిన పటేలా. ఏం జూడలే."

"కరెంటు మంచిగ లేదు. లో వోల్టేజి ఉన్నది."

"అవు పటేలా."

ఊళ్లోంచి పిండి గిర్ని చప్పుడు నిండుగా వినిపిస్తోంది. కరెంటు బాగా లేకపోతే అది అట్లా తిరగదు. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ఈరన్న చూపు ముందుగా పక్కకు తప్పుకుంది. అదే సత్యమ్మను ఎక్కువ భయపెట్టింది. పెద్దవాళ్ల కోపం ఆమెకు అలవాటే. పెద్దవాళ్ల సిగ్గు చూసినందుకు ఏం శిక్ష పడుతుందో తెలియదు. దాహం మరిచిపోయి మడిలోకి వచ్చి, తెగిపోయే నారునే పీకుతూ ఉండిపోయింది.

సంగతి విని సామ్యూల్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇంకేంది మల్ల! శనివారం అందరి ముందల జెప్పు. 'మా బోరు వడకముందే పటేలు బోరు ఎండింది, మేమెట్ల ఎండవెట్టినం' అని అడుగు."

"నేను జెప్తే నమ్ముతరా?"

"పోయి జూస్కోమను."

"రేపటి సంది కూలికి ఎవ్వరు పిలుస్తరు? ఊకో నువ్వు."

ఆ తర్వాతి దినం కూడా నారు పీకింది. ఈరన్న గట్టు మీద అటూ ఇటూ తిరిగాడే తప్ప ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. కూలి డబ్బులు బాలనాగమ్మే ఇచ్చింది. సాయంత్రం స్వరూప సైకిలు నడిపించుకుంటూ వాడలోకి వచ్చింది. మొహం పీక్కుపోయింది. "అక్కా, నాకు గిట్లయితదని తెల్వదు. వట్టి ఆట అనుకున్న," అంది. సత్యమ్మకు ఆ పిల్ల మీద జాలేసింది, కోపమూ వచ్చింది. ఆటలు ఆడించేవాళ్లకు ఇంటికి పోతే వేరే ఊరుంటుంది.

శనివారం తెల్లవారుతుండగా బోరింగు పంపు దగ్గర బిందె నింపుతుంటే ఎవరో దగ్గారు. చర్చి గోడ పక్కన ఈరన్న. వాడలోకి ఎన్నడూ అడుగుపెట్టని మనిషి సరిగ్గా వాడ మొదట్లో నిలబడి ఉన్నాడు. సత్యమ్మ కొంగు సర్దుకుంటూ దగ్గరికి వెళ్లింది.

"ఎవరికన్న జెప్పినవా?"

"లే పటేలా," అని అబద్ధమాడింది.

ఈరన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ బోరుకు నేను అడ్డం రాను. మాసయ్యకు గూడ జెప్త. మీకు బోరు వడ్డంక, రాత్రిపూట రెండు గంటలు నా మడిలెకు ఇడువుండ్రి. పైపు నేనే ఏస్త. ఎవ్వరికి తెల్వొద్దు."

సత్యమ్మకు మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత తట్టింది. ఈరన్న తమను నీళ్లు అడుగుతున్నాడు. తనింట్లో చెంబు కూడా తమను ముట్టుకోనివ్వని ఈరన్న. సరే అంటే ఇక భయం లేదు. బోరు బండి వస్తుంది. నీలం పట్టా అటకెక్కుతుంది. ఎస్తేరు బడికి పోతుంది. సరే అనడానికి నోరు తెరిచింది కూడా.

అప్పుడే ఎందుకో గోనెసంచి గుర్తొచ్చింది. ఎవరికీ వినపడకుండా తాగే నీళ్లకు లెక్క ఎవరు అడుగుతారు? రెండు గంటలు నాలుగైతే ఎవరితో చెప్పుకోవాలి? రేపు బోరు ఎండితే మళ్లీ తన చెయ్యే చూపిస్తారు. ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవరంటే తనే అంటారు.

"ఆట కాడ అడుగు పటేలా," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే బెదిరిపోయింది.

"ఏందీ?"

"నాదొక్కదాన్ది గాదు పటేలా బోరు. ఎనిమిదిండ్లది. అందరి ముందల అడుగు."

ఈరన్న మొహం నల్లబడింది. "నన్ను... నిన్ను అడగమంటవా అందరి ముందల?" అన్నాడు. తువ్వాలు విసురుగా భుజాన వేసుకున్నాడు. "మంచిగున్నది. జూస్త," అని గిర్రున తిరిగి వెళ్లిపోయాడు.

బిందె అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చింది సత్యమ్మ. విన్న సామ్యూల్ నెత్తి కొట్టుకున్నాడు. "ఇంటి ముందుకొచ్చిన దాన్ని కాలితోటి తంతివి గదనే!" అన్నాడు. రెండోసారి కూడా తనే ముంచానని, ఈసారి బుద్ధి తెలిసి ముంచానని అనుకుంది. పట్టా వైపు చూడలేక వాకిట్లోకి వచ్చి నిలబడింది.

బడి వరండా మొన్నటికన్నా నిండింది. వాడవాళ్లు మెట్ల కింద నిలబడ్డారు. పుష్పమ్మ కళ్లతోనే సత్యమ్మను కాలుస్తోంది. మొన్న ఆడిన అయిదుగురిలో నలుగురు వచ్చారు. ఈరన్న రాలేదు. అతని చోటు ఖాళీగా ఉంది.

"పటేలు రాకుంట ఏం తేలుతది? బోరు వద్దనే లెక్క," అన్నాడు మాసయ్య.

అంతలో జనం పక్కకు తప్పుకున్నారు. ఈరన్న వచ్చాడు. చెప్పులు విడిచి జంపఖానా మీదికొచ్చి, తన చోట్లో కూర్చోలేదు. వరస చివర, మొన్న సత్యమ్మ కూర్చున్న చోట చతికిలబడ్డాడు. అంతా తెల్లబోయి చూశారు.

"ఈసారి ఎవరు ముందు?" అంది స్వరూప.

"మొన్న ఆఖరున్నది ఈసారి ముందు," అన్నాడు ఈరన్న, నేల చూస్తూ.

డబ్బా సత్యమ్మ ముందుకొచ్చింది. నిండుగా ఉంది. నిండు డబ్బాలో చెయ్యి పెట్టడం ఇదే మొదలు ఆమెకు. ఎంత తీసినా ఎవరికీ తెలియనంత నిండుగా ఉంది. ముందు కూర్చున్నవాళ్లకు ఇన్నాళ్లూ ఇట్లా కనపడిందా అనుకుంది. వరి బొమ్మ మీద చూపు నిలిచింది. వేరుశనగ బొమ్మ తీసుకుని రెండు గింజలు పట్టుకుంది.

మెట్ల కింద ఎవరో నిట్టూర్చారు. డబ్బా మాసయ్య దగ్గరికి పోయింది. అతను ఎవరి మొహమూ చూడకుండా వరి బొమ్మే తీసి ఐదు గింజలు లెక్కపెట్టుకున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకడు జంకుతూ రెండు తీశాడు. ఇంకొకడు వరి వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాపి, చివరికి వరే తీశాడు. డబ్బా ఈరన్న ముందుకొచ్చింది. ఇంకా సగానికి పైగానే గింజలున్నాయి.

ఈరన్న చెయ్యి పెట్టలేదు.

"తియ్యి పటేలా, ఉన్నయ్ గద," అన్నాడు మాసయ్య.

"ఏంటితోని తియ్యాలె?" అన్నాడు ఈరన్న. "నాకు బోరు లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. మాసయ్య నవ్వబోయాడు.

"ఎండింది. పది దినాలాయె. నారు వోసుకున్న, ఎవ్వరికి తెల్వొద్దని పీకిచ్చిన, నాటేటందుకు నీళ్లు లేవు." ఆ మాటలు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. గడ్డం గీరుకున్నాడు, తువ్వాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. అప్పుడు తలెత్తి సత్యమ్మ వైపు చూశాడు. "వరి ఏయను. బుడ్డలే ఏస్త. మీకు బోరు వడితే నాకో వంతు ఇస్తరా?"

మాసయ్య తన ఐదు గింజలను పిడికిట్లో మూసుకున్నాడు. ఈరన్నే అడుక్కుంటున్న బోరుకు ఇంకెవరు అడ్డం చెబుతారు? బోరు వచ్చినట్టే. సత్యమ్మకు కళ్లు చెమర్చాయి. వెంటనే, ఏడుపు కన్నా ముందే, భయం వచ్చింది. ఈరన్నకు కావాలి గనుకే తమకు వస్తోంది. అతనికి అవసరం లేకుంటే తమ మాట ఎవరు వినేవాళ్లు? రేపు బోరు పక్కన నిలబడి ఇది నాదేనంటే కాదనేదెవరు?

"జెప్పే," అని మెట్ల కింది నుంచి సామ్యూల్ గొణిగాడు. పుష్పమ్మ కూడా ఆమెనే చూస్తోంది. ఎనిమిది ఇళ్లూ చూస్తున్నాయి. ఊరంతా చూస్తోంది. మొన్న కూడా ఇట్లాగే అందరూ తన చేతినే చూశారు.

ఆమె డబ్బా తన వైపు జరుపుకుంది.

"ఇస్తం పటేలా," అంది. "మా ఎనిమిదిండ్లు నీళ్లు వారిచ్చుకున్నంక. నీది ఆఖరి వంతు."

ఈరన్న చివరి చోట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, అవునన్నట్టు తల వంచాడు.